ట్యాంకు తాళం ఎవరి దగ్గరుంది?

(కనిగిరి ప్రాంత మహిళా వార్డు సభ్యులు, గ్రామ సంఘాల ప్రతినిధుల సమావేశంలో, గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వంటలు తెల్లారకముందే ముగించుకుని, పశువుల పని ఎవరికో అప్పజెప్పి, ఆటోల్లో బస్సుల్లో వచ్చారు. మీ పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. అందుకని స్వాగతాలతో పొద్దుపుచ్చకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో మా ఆఫీసుల్లో ఒక లెక్క నడిచేది. మైదాన ప్రాంతంలో ఇంటి నుంచి 1.6 కిలోమీటర్ల లోపల ఏదో ఒక నీటి వసతి ఉంటే ఆ ఊరికి మంచినీళ్లు ఇచ్చేసినట్టే. కొండ ప్రాంతమైతే 100 మీటర్ల ఎత్తు తేడా లోపల ఉంటే చాలు. 250 మందికి ఒక బోరింగు. మనిషికి రోజుకి 40 లీటర్లు. ఈ లెక్క కుదిరితే రిజిస్టర్లో ఆ ఊరి పేరు ఎదురుగా టిక్కు పడేది, దాని గురించి ఇంక ఎవరూ అడగక్కర్లేదు.

1.6 కిలోమీటర్లంటే పోను రాను మూడు కిలోమీటర్ల పైమాట. చంకలో ఒక బిందె, నెత్తి మీద చుట్టకుదురు పెట్టి ఇంకో బిందె. వచ్చేటప్పుడు ఆ దూరమంతా బరువుతో. ఆ అంకె వేసేటప్పుడు నీళ్లు మోసే ఆడమనిషిని ఒక్కరినైనా పక్కన కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే అది ఆ అంకెగా ఉండేది కాదు. ఈ మాట నేను సర్వీసులో ఉండగా మీటింగుల్లోనూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. నీళ్లు మోసే మనిషికి నీళ్ల నిర్ణయంలో చోటు లేకపోవడమే ఈ సమస్యకి మూలం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క మారింది. 2019 ఆగస్టు 15న జల జీవన్ మిషన్ ప్రకటించినప్పుడు ఇంటి గుమ్మంలోకి కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్లు అన్నారు. అప్పటికి దేశంలోని పల్లెల్లో కుళాయి ఉన్న ఇళ్లు 3.23 కోట్లు, అంటే నూటికి పదిహేడు. తర్వాతి కాలంలో అది 15 కోట్లు దాటింది. చిన్న పని కాదది, కాదనను. పక్క రాష్ట్రం తెలంగాణలో మిషన్ భగీరథ పేరుతో ఇంకా ముందే, 2016లో, గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలుపెట్టారు. పైపులు వచ్చాయి, ట్యాంకులు లేచాయి. కుళాయి ఉండటం వేరు, ఆ కుళాయిలోంచి మీకు కావలసిన వేళకి మంచి నీళ్లు రావడం వేరు.

ఒకసారి 55 లీటర్లని మన బిందెల్లోకి మార్చుకుందాం. ఇంట్లో ఐదుగురుంటే 275 లీటర్లు. స్టీలు బిందె పదిహేను లీటర్లు పడుతుందనుకోండి, రోజుకి పద్దెనిమిది బిందెలు. కుళాయి ఒక్క రోజు రాకపోతే ఆ పద్దెనిమిది బిందెల్లో కనీసం అయిదారు ఎక్కడినుంచో మోసుకురావలసిందే. మిగిలినవి ఎలా సర్దుతారు? పిల్లల స్నానం ఆపుతారు, బట్టలు రేపటికి వాయిదా వేస్తారు, చివరికి మీరు తాగే నీళ్లు తగ్గించుకుంటారు. ఇంటి మొత్తంలో నీళ్ల కొరత ముందు పడేది ఆడవాళ్ల గొంతు మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2023లో ఇచ్చిన నివేదికలో ఒక సంగతి ఉంది. ప్రపంచంలో ఇంటి ఆవరణలో నీళ్లు లేనివాళ్లు 180 కోట్ల మంది. వాళ్ల ఇళ్లలో పదింట ఏడిళ్లలో నీళ్లు తెచ్చే పని ఆడవాళ్లది, ఆడపిల్లలది. ఈ దేశంలో ఇంటింటికీ కుళాయి నిజంగా అందితే రోజుకి 5.5 కోట్ల గంటల పని తప్పుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్ల గంటలే.

ఇక మన నేల సంగతి. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ అనే పత్రికలో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఒక వ్యాసం రాశారు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లూ ఎముకలూ పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు మన దేశంలో మనుషుల్లో ఉందని లోకానికి మొదట తెలిసింది ఆ వ్యాసంతోనే. వాళ్లు చూసిన మనుషులు ఎక్కడివాళ్లో తెలుసా? నెల్లూరు జిల్లా అని రాశారు. 1970 దాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవే కదా. అంటే మన పెద్దవాళ్ల పళ్ల మీది గారనీ, వంగిపోయిన నడుములనీ చూసే ఈ దేశం ఫ్లోరైడ్ అనే మాట నేర్చుకుంది. తొంభై ఏళ్లు కావొస్తోంది. ఈ హాల్లోనే మోకాళ్లు పట్టేసి కుర్చీ చివర కూర్చున్న తల్లులు కనిపిస్తున్నారు నాకు.

మన కింద ఉన్నది రాతి నేల. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎంత కాలం నిలవుంటే అంత ఫ్లోరైడ్ పట్టుకుంటాయి. పైనుండే బావి నీళ్లు వానకి కొత్తవి అవుతూ ఉంటాయి, లోతు బోరు నీళ్లు ఎప్పటివో. బావులు ఎండి, రెండు వందల అడుగులు, నాలుగు వందలు, ఆరు వందలు అని లోపలికి పోయే కొద్దీ చాలా చోట్ల గ్లాసులోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వచ్చింది. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు, ఆ పైన తాగకూడదు. ఇది మన దేశ ప్రమాణం.

ఆడవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ చేటు. ఒంట్లో కాల్షియం తక్కువున్నవాళ్ల మీద ఫ్లోరైడ్ గట్టిగా పనిచేస్తుంది. కాన్పులు, పాలివ్వడం, ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినడం, పాలూ పెరుగూ తన వాటాకి రాకపోవడం ఇవన్నీ కలిస్తే ఎముక ముందే బలహీనపడి ఉంటుంది. దాని మీద ఈ నీళ్లు. ఆ నడుముతోనే మళ్లీ బిందె ఎత్తాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ అదే అడుగుతారు. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు. కాచితే జబ్బు పుట్టించే కంటికి కనపడని పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ అట్లాగే ఉంటుంది, నీళ్లు కొంత ఆవిరైపోతాయి కాబట్టి లీటరుకి ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి ఫ్లోరైడ్ ఉన్న చోట కాచడం జబ్బుకి మందు కాదు. కలరా, విరేచనాల భయం ఉన్న చోట మాత్రం కాచడం మంచిదే. రెండూ కలపకండి.

ఇంకో చిక్కేమిటంటే ఫ్లోరైడ్‌కి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నీళ్ల గురించి మీకు తెలిసినంత మా ఇంజనీర్లకి తెలియదని నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను. ఏ బోరు నీళ్లకి కందిపప్పు ఉడకదో, ఏ నీళ్లకి సబ్బు నురగ రాదో, ఏ బావి నీళ్లతో పెడితే అన్నం రంగు మారుతుందో మీరు చెప్పగలరు. ఉప్పదనం, గట్టిదనం, ఇనుము మీ చేతికీ నాలుక్కీ తెలుస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం తెలియదు. తియ్యగా ఉన్న నీళ్లలోనూ ఉండొచ్చు. దానికి పరీక్ష ఒక్కటే దారి. అందుకే ఆ పరీక్ష చేసే కిట్టు గురించి కాస్త వివరంగా చెబుతాను.

జల జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష నేర్పాలి. దేశం మొత్తం మీద 20 లక్షల మందికి పైగా నేర్పారు. చేతి పెట్టెంత ఉంటుంది ఆ కిట్టు. అందులో గీతలు గీసిన చిన్న గాజు గొట్టాలు, చుక్కల సీసాలు, రంగుల కార్డు. ముందు ఆ గొట్టాన్ని మీరు పరీక్షించబోయే నీళ్లతోనే రెండు మూడుసార్లు తొలుస్తారు. గీత దాకా నీళ్లు పోస్తారు. కంటికి ఎదురుగా పెట్టి చూడాలి, పైనుంచి చూస్తే గీత తప్పు చదువుతారు. మందు చుక్కలు వేసి, మూత పెట్టి, మెల్లగా తిప్పి, చెప్పినంత సేపు ఆగుతారు. ఫ్లోరైడ్ లేని నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ ఆ గులాబీ తగ్గి పసుపుకి దిగుతుంది. కార్డు పక్కన పెట్టి ఏ గడికి దగ్గరుందో చూస్తారు. వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైటు కింద కాదు.

క్లోరిన్ పరీక్షకి ఇంకా తక్కువ సేపు పడుతుంది. చుక్కలు వేస్తే నీళ్లు పసుపెక్కాలి. ట్యాంకు కింద కాదు, ఊళ్లో అన్నిటికన్నా చివరి కుళాయి దగ్గర చెయ్యాలి ఆ పరీక్ష. అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉంటే దారిలో ఏ మురుగు కలిసినా కొంత కాపాడుతుంది. పసుపు రాలేదంటే ట్యాంకులో బ్లీచింగు వెయ్యలేదన్నమాట, లేకపోతే ఎప్పుడో తెచ్చిన పాత పౌడరు వేశారన్నమాట. మూత తీసి పెట్టిన బ్లీచింగు పౌడరులో సత్తువ ఉండదు. మూడోది పురుగు సీసా. అందులో నీళ్లు పోసి మూత బిగించి ఇంట్లో ఒక మూల పెడతారు. 24 గంటల నుంచి 48 గంటల్లో అది నల్లబడితే ఆ నీళ్లలో మలం కలిసిందని అనుమానించాలి. చూసిన రోజు, చూసిన వేళ, ఏ కుళాయి నీళ్లో రాసిపెట్టాలి.

ఇంతవరకూ బాగుంది. ఒక ఊళ్లో ఇలాగే ఒక అమ్మాయి పరీక్ష చేసింది. సీసా నల్లబడింది. రిజిస్టర్లో రాసింది. ఆ రిజిస్టరు ఎవరు చూడాలి? ఎవరూ చూడలేదు. వారం తర్వాత అదే కుళాయి, అదే నీళ్లు, కాలనీలో పిల్లలకి విరేచనాలు. ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను. "చూడటం నేర్పించారు మేడం, ఆపమని ఎవరికి చెప్పాలో నేర్పించలేదు" అంది. పరీక్ష చేసే మనిషికి ఆ ట్యాంకు నీళ్లు ఆపించే అధికారం లేకపోతే ఆమెకి మనం కిట్టు ఇచ్చి ఏం లాభం?

సరిగ్గా ఇక్కడే కమిటీ సంగతి వస్తుంది. ప్రతి పంచాయతీలో నీరు, పారిశుధ్య కమిటీ ఉండాలి. పది నుంచి పదిహేను మంది సభ్యులు, అందులో సగం ఆడవాళ్లు. కాగితం మీద ఉన్నారు కూడా. మీలో ఎంతమంది ఆ కమిటీలో ఉన్నారు? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, గత ఆరు నెలల్లో ఆ కమిటీ మీటింగుకి వెళ్లినవాళ్లు ఎవరు? ... మీ ఇంటికి వచ్చి సంతకం పెట్టించుకున్నవాళ్లు? ... ఊఁ. ఇందులో మీ తప్పేమీ లేదు. పిలవని మీటింగుకి ఎలా వెళ్తారు?

(సభలోంచి ఒకరు: "మా కాలనీకి నీళ్లు పదిన్నరకి వదుల్తారు మేడం. అప్పటికి మేం చేలో ఉంటాం. ఇంట్లో ముసలమ్మ ఒక్కత్తే. ఆమె ఎన్ని పడుతుంది?")

వినండమ్మా, అందరూ వినండి. ఈ అక్క చెప్పింది కమిటీ మీటింగులో చెప్పవలసిన మొదటి మాట. పదిన్నరకి వదలాలని ఎవరు పెట్టారు? వాల్వు తిప్పే మనిషికి ఆ వేళ వీలు, కరెంటు ఆ వేళ ఉంటుంది, అంతే. ఆరింటికి వదిలితే నీళ్లు పట్టుకుని, వండుకుని, పనికి పోవచ్చు. దీనికి కొత్త పైపు అక్కర్లేదు, కొత్త ట్యాంకు అక్కర్లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆ వేళ ఎవరు నిర్ణయిస్తారన్నదే ప్రశ్న. ఒక ఊళ్లో గ్రామ సంఘం ఆడవాళ్లు నలుగురు కలిసి వెళ్లి వాల్వుల వేళలు ట్యాంకు కాళ్ల మీద పెయింటుతో రాయించారు. ఏ వీధికి ఏ రోజు, ఎన్నింటికి. ఆ రాత వచ్చాక తగాదాలు సగం తగ్గాయి.

ఇంకొకటి. ఊళ్లో పైపు ఎటు మొదలై ఎటు ముగుస్తుందో ఒకసారి నడిచి చూడండి. ట్యాంకు ఊరి నడుమ, పైపు మొదటి వీధులు ఎవరివో మీకు తెలుసు. చివర ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీ. మధ్యలో ఇళ్లవాళ్లు కుళాయికి మోటారు బిగించి లాగేస్తే చివరికి గాలి వస్తుంది. ఆ కాలనీలో ఉండే ఆడమనిషి కుళాయి ఉండి కూడా బిందెతో బయలుదేరుతుంది. ఇది ఇంజనీరింగు లోపమని కొట్టిపారెయ్యకండి, నేను ఇంజనీరునే చెబుతున్నాను. చివరి ఇంటికి ఒత్తిడి సరిపోయేలా పైపు వెయ్యడం మాకు వచ్చు. ఆ పైపు మీద మోటారు పెట్టినవాడిని ఆపడం మాత్రం ఊరు చెయ్యాలి.

నీళ్ల దగ్గర కులం ఎంత పనిచేస్తుందో మన పాత ప్రకాశం జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. చీరాల దగ్గర కారంచేడు. 1985 జులై 16. మాదిగపల్లెవాళ్లు తాగే మంచినీళ్ల చెరువు దగ్గర పెత్తందారీ కులం కుర్రవాళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ మురికి చెరువులో కలుపుతున్నారు. కత్తి చంద్రయ్య అనే అబ్బాయి ఇదేమిటని అడిగాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకి వచ్చిన మున్నంగి సువార్త అనే ఆవిడ అడ్డుపడ్డారు. తన మీదికి చెయ్యి లేస్తే చేతిలోని బిందె ఎత్తారు. మర్నాడు, జులై 17న, ఆ పల్లె మీద పడి ఆరుగురిని చంపేశారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. రాష్ట్రంలో దళిత ఉద్యమం ఆ రక్తంలోంచే లేచింది. అందరూ ఆ హత్యాకాండనే తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. నేను మాత్రం ఈ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ ముందు సాయంత్రాన్ని కూడా తలుచుకుంటూనే ఉన్నాను. తాగే నీళ్లలో మురికి కలపొద్దని అడగడం. ఇవాళ మనం నీటి నాణ్యత పర్యవేక్షణ అని పెద్ద పేరు పెట్టుకున్న పని అదే. దాన్ని ఏ కిట్టూ, ఏ కమిటీ, ఏ అధికారమూ లేకుండా ఆ తల్లి చేశారు. కాలనీల్లో కిట్టు పట్టుకుని తిరిగే ఆడపిల్లకి పోలీసు, రెవెన్యూ, పంచాయతీ అన్నీ వెనక నిలబడాలని నేను అడిగేది అందుకే.

ఇప్పుడు మరుగుదొడ్ల సంగతికి వద్దాం. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది, ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు, పది కోట్లకు పైగా దొడ్లు కట్టారు. చీకటి పడే దాకా ఆగడం, పొద్దున లేవగానే చీకటి ఉండగానే పరుగెత్తడం, దారిలో బండి లైటు పడితే లేచి నిలబడటం, బయటికి వెళ్లాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచీ నీళ్లు తాగకపోవడం, దాంతో మూత్రం మంట, ఇవన్నీ మీరు పడ్డవే. ఆ బాధ తగ్గించిన ప్రతి దొడ్డికీ నేను దణ్ణం పెడతాను.

ఆ దొడ్డిలో బిగించిన ప్యాను ఎవరు ఎంచారు? అది అడగండి. పల్లె దొడ్లకని తయారుచేసిన ప్యాను ఒకటుంది, రూరల్ ప్యాను అంటారు. దాని వాలు బాగా ఏటవాలుగా ఉంటుంది, కింద మెడలో నిలిచే నీటి లోతు తక్కువ. ఒకటిన్నర, రెండు లీటర్లు, అంటే రెండు చెంబుల నీళ్లు పోస్తే శుభ్రమైపోతుంది. పట్నం ప్యాను చూడటానికి నున్నగా, వెడల్పుగా బాగుంటుంది, వాలు తక్కువ. దానికి సగం బకెట్టు, ఏడెనిమిది లీటర్లు కొట్టాలి. ఇంట్లో అందరూ కలిసి రోజుకి పదిసార్లు వెళ్తారనుకోండి. ఒకదానికి ఇరవై లీటర్లు, రెండోదానికి డెబ్బై, ఎనభై. తేడా నాలుగు బిందెలు. ఎవరు మోస్తారు ఆ నాలుగు బిందెలు? దుకాణంలో ప్యాను కొనేటప్పుడు మేస్త్రీ, ఇంటాయన వెళ్లి నున్నగా ఉన్నది చూసి తెచ్చారు. నెల తిరిగేసరికి ఇంట్లో ఆడమనిషి "ఇన్ని నీళ్లు నేను తేలేను, మీరు బయటికే పొండి" అంది. ఆ దొడ్డిలో ఇప్పుడు పుల్లలు పెట్టుకున్నారు. పల్లెవాళ్లకి అలవాటు లేదు, చైతన్యం లేదు అని మా రిపోర్టుల్లో రాసేవాళ్లు. ఆమెకి చైతన్యం ఉంది కాబట్టే నీళ్ల లెక్క వేసుకుంది.

గుంతల విషయమూ అంతే. రెండు గుంతల దొడ్డి మన పల్లెలకి సరైనది. ఒక గుంత నిండటానికి ఐదేళ్లు పైనే పడుతుంది. నిండగానే మధ్యలో ఉన్న చిన్న తొట్టిలో అడ్డు మార్చి రెండో గుంతకి వదలాలి. మొదటిది మూసి ఏడాదిన్నర వదిలేస్తే లోపలిది వాసన లేని ఎరువైపోతుంది, పారతో తీసి చేలో చల్లుకోవచ్చు. బావికీ బోరుకీ దూరంగా తవ్వాలి, కనీసం పది మీటర్లు. ఈ అడ్డు మార్చడం ఎలాగో ఆ ఇంటి ఆడవాళ్లకి ఎంతమందికి చూపించారు? చూపించకపోవడంతో గుంత చిన్నది, నిండిపోతుంది అనే భయంతో వేల రూపాయలు అప్పు చేసి పెద్ద సెప్టిక్ ట్యాంకులు కట్టించారు. అవి నిండితే మళ్లీ ఎవరో దిగాలి. మనిషి మలాన్ని మనిషి చేత్తో తీయించడం నేరమని 1993లో చట్టం చేశారు, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అయినా ట్యాంకుల్లో దిగి చనిపోతున్నవాళ్లు ఉన్నారు. పాత దొడ్లలో మలం ఎత్తి బుట్టల్లో మోసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. బెజవాడ విల్సన్ గారు, సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు ఊరూరా తిరిగి ఆ దొడ్లు పగలగొట్టించిన చరిత్ర మనకుంది. పారిశుధ్యంలో స్త్రీల పాత్ర అని పోస్టర్లు వేసేటప్పుడు ఆ స్త్రీలని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇవాళ మన వీధులు ఊడ్చి చెత్త బండి తోసే ఆడవాళ్లకి నెల నెలా జీతం అందుతోందా, చేతికి గ్లవ్స్ ఉన్నాయా అన్నది మీ పంచాయతీ మీటింగులో అడగండి.

ఆడవాళ్లకి మెకానిక్కు పని రాదు, పైపు ఎత్తలేరు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఉత్తరప్రదేశ్‌లో బాందా అని కరువు ప్రాంతం. 1990ల మొదట్లో, ఆడవాళ్ల చదువు కోసం ప్రభుత్వం పెట్టిన మహిళా సమాఖ్య కార్యక్రమం కింద అక్కడి ఆడవాళ్లకి, ఎక్కువమంది దళితులు, చదువు రానివాళ్లు, బోరింగులు బాగుచెయ్యడం నేర్పారు. పానాలు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి బాగుచేశారు. నేర్చుకున్నది మర్చిపోకూడదని చదువూ నేర్చుకున్నారు, చేత్తో రాసుకునే పత్రిక మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలోంచే 2002లో ఖబర్ లహరియా అనే ఆడవాళ్ల పత్రిక పుట్టింది. జార్ఖండ్‌లో దొడ్లు కట్టిన ఆడ మేస్త్రీలని రాణీ మిస్త్రీలంటారు. మన బోరింగుల్లో పాత మార్కు టూ రకానికి లోపలి వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి, నలుగురు మనుషులు కావాలి. తర్వాత వచ్చిన మార్కు త్రీలో పైపులు కదపకుండానే లోపలి రాడ్లు, పిస్టను బయటికి తియ్యొచ్చు. ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు ఒక పూటలో చెయ్యగలరు. బరువు ఎక్కువైతే మనిషిని మార్చక్కర్లేదు, పనిముట్టుని మార్చాలి. వరంగల్ వైపు గీసుగొండ దగ్గర గంగదేవిపల్లి ఉంది కదా, మంచినీళ్లకి విడిగా కమిటీ పెట్టుకుని ఊరే నడుపుకుంటుంది. వీలైతే బస్సు మాట్లాడుకుని వెళ్లి చూసి రండి, ఉపన్యాసం కన్నా అది మేలు.

డబ్బు సంగతి చెప్పకపోతే ఇదంతా గాలి మాటే అవుతుంది. పరీక్ష చేసే పని, వాల్వు చూసే పని, ట్యాంకు కడిగించే పని ఆడవాళ్లకి ఇచ్చినప్పుడు అది సేవ అంటారు. అదే పని మగవాళ్లకి ఇచ్చినప్పుడు జీతం అంటారు. ఇది నాకు సమ్మతం కాదు. ఇంట్లో నీళ్లు ఊరికే మోశారు, ఊరి నీళ్లు కూడా ఊరికే మొయ్యమంటే ఎలా? ఊరి నీళ్ల పథకంలో ఊరివాళ్ల వాటా అని పదో వంతు, ఎస్సీ ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్లలో ఐదు శాతం అడుగుతారు. నెల నెలా నీటి పన్ను అడుగుతారు. ఆ డబ్బు ఎక్కడ జమ అవుతోందో, చెక్కు మీద ఎవరి సంతకం ఉందో చూడండి. ఒక సంతకం కమిటీలోని ఆడమనిషిది ఉండాలని తీర్మానం చేయించండి. పొదుపు సంఘాల్లో లక్షల లెక్కలు పైసా తేడా లేకుండా రాస్తున్నవాళ్లకి నీటి పన్ను లెక్క ఒక లెక్కా?

నల్గొండలో 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికి వందల మంది నామినేషన్లు వేశారు. 480 మంది పోటీలో నిలబడ్డారు, బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది. నీళ్ల కోసం అంత దూరం వెళ్లాల్సి వచ్చింది వాళ్లకి. మీకు పంచాయతీలో సగం సీట్లు చట్టం ఇచ్చింది, ఆఫీసు మీ ఊళ్లోనే ఉంది.

ఏప్రిల్ 24న గ్రామసభ ఉంటుంది. ఊరి నీళ్ల ప్రణాళిక గ్రామసభ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ముందు రోజే సర్పంచి గారికి రాసి ఇవ్వండి, నోటి మాట వద్దు, రసీదు తీసుకోండి. వాల్వు వేళలు రాసి పెట్టమనండి. నీళ్ల పరీక్ష ఫలితాలు నెలకోసారి పంచాయతీ బోర్డు మీద అంటించమనండి, చివరి కుళాయి ఫలితం తప్పకుండా. సీసా నల్లబడితే ఆ లైనులో నీళ్లు ఆపించే అధికారం పరీక్ష చేసే అమ్మాయికి ఇస్తూ తీర్మానం రాయించండి. ట్యాంకు గదికి రెండో తాళం చెవి గ్రామ సంఘం దగ్గర ఉండాలనండి. కొత్తగా దొడ్డి కట్టే ఇంటికి రూరల్ ప్యానే ఇప్పించమనండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, తీర్మానం పుస్తకంలో మాత్రం అక్షరం పడేదాకా కూర్చోండి.

భోజనాలయ్యాక వెనక గదిలో కిట్లు పెడతాం. ఇంటి నీళ్లు సీసాల్లో తెచ్చుకున్నవాళ్లు ముందు రండి. సీసా మీద పేరు వద్దు, వీధి పేరు, కుళాయో బోరో రాయండి చాలు. మీ చేత్తో మీరే చుక్కలు వేసి చూస్తారు, నేను పక్కన నిలబడతాను. రంగు చూసి మీకేమనిపించిందో చెప్పండి, అక్కడే రిజిస్టర్లో రాసుకుందాం.